మావాడు ఏం చేయడు

పాండురంగారావు రోజూ పొద్దున్నే రేపల్లె కాలువ కట్ట మీద నడకకు వెళ్ళేటప్పుడు కుక్క గొలుసు ఆయన మెడలోనే ఉండేది. కండువా వేసుకున్నట్టు రెండు కొసలూ ఛాతీ మీదికి వదులుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. కుక్క మాత్రం ఎక్కడో యాభై గజాల ముందు ఉండేది. గోధుమరంగు లాబ్రడార్, పేరు సీజర్, ముప్ఫై అయిదు కిలోల బరువు. ఎదురొచ్చేవాళ్ళు కట్ట అంచుకు ఒదిగి నిలబడిపోతే ఆయన దూరం నుంచే చెయ్యి ఊపి, "ఏం చేయడండీ, మావాడు ఏం చేయడు" అనేవాడు. కుక్క చేసేది చేసి వెళ్ళిపోయాక కూడా అదే మాట అనేవాడు.

ఆయన వెనక రెండడుగుల దూరంలో భార్య వసుంధర నడిచేది. షుగరు వచ్చాక డాక్టరు నడవమన్నాడని మొదలుపెట్టింది కానీ, ఆ గంటసేపూ ఆమెకు తలెత్తుకోవడం కష్టంగా ఉండేది. భర్త నవ్వుతూ దాటిపోయిన ప్రతి మనిషి మొహమూ వెనక వచ్చే తను చూడాల్సి వచ్చేది. కుచ్చెళ్ళు దగ్గరకు పట్టుకుని బిగుసుకుపోయిన ఆడవాళ్ళు, పిల్లల్ని చంకకెత్తుకున్న తండ్రులు. నెల కిందట ట్యూషన్‌కు వెళ్ళే ఆడపిల్ల ఒకతె సీజర్ వెంటపడితే సైకిలుతో సహా కట్ట దిగువకు జారిపోయింది. పక్కవీధిలో ఉండే హైమావతి టీచరు అది చూసింది. రిటైరై పదేళ్ళయినా ఆమె గొంతు ఇంకా తరగతి గదిలోనే ఉంది. చేతికర్ర తాటిస్తూ వచ్చి, గొలుసు వేయాల్సింది కుక్కకు కదా, మీకెందుకండీ అని అడిగింది. ఆ మాట పాండురంగారావుకు ఎంత నచ్చిందంటే, వారం రోజుల పాటు తన రైసుమిల్లుకు వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు. గొలుసు మాత్రం మెడ మారలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఎవరింట్లో శుభకార్యమైనా బియ్యం బస్తా ముందే పంపే మనిషి. మంచివాళ్ళకు పట్టుకునే జబ్బు ఒకటుంది, అది ఆయనకు బాగా ముదిరింది. తను మంచివాడు గనక తన గడప దాటి వెళ్ళేది ఏదీ ఎవరికీ చెడు చేయదని ఆయన నమ్మకం.

సోమవారం పొద్దున కట్ట మీద వీరరాఘవమ్మ ఎదురొచ్చింది. అడవులదీవి నుంచి తొలి బస్సులో వచ్చి, నెత్తిన బేసిను పెట్టుకుని రేపల్లె వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి చేపలు అమ్మే మనిషి. పదకొండేళ్ళుగా వసుంధర ఇంటికి చేప ఆమె దగ్గరే. పెరట్లో కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని, చేపకు బూడిద రుద్ది, పొలుసు గీసి, మొప్పలూ పేగులూ లాగి పక్కన పెట్టేది. తలకాయలు అన్నంలో ఉడికించి సీజర్‌కు పెట్టడానికి వసుంధర గిన్నెలోకి తీసుకునేది. మొప్పలు వీరరాఘవమ్మే కుక్క ముందుకు విసిరేది. అందుకని ఆమెను చూస్తే చాలు, సీజర్‌కు పూనకం వచ్చేది. పెరట్లో కట్టేసి ఉన్నప్పుడు అది ముచ్చటగానే ఉండేది.

కట్ట మీద కట్టు లేదు. కుక్క పరుగెత్తుకొచ్చి బేసిను మీదికి ఎగిరింది. నెత్తిన బరువున్న మనిషి పరుగెత్తలేదు, పక్కకు గెంతలేదు. చేయగలిగిందల్లా బేసినును రెండు చేతులా పట్టుకోవడమే, వీరరాఘవమ్మ అదే చేసింది. రెండోసారి ఎగిరినప్పుడు దాని బరువుకు మోకాళ్ళ మీద పడిపోయింది. బేసిను బోర్లాపడి కానాగంత చేపలూ రొయ్యలూ మట్టిలో చెల్లాచెదురయ్యాయి. ఆమె కాలు విదిలించింది. చేపల కోసం తెరిచిన నోరు ఆమె పిక్కను పట్టుకుంది.

"కదలకు, ఏం చేయడు, కదలకు" అంటూ పాండురంగారావు వచ్చాడు. పరుగెత్తి కాదు, నడిచి. ఆయన వచ్చేసరికి కుక్క పిక్క వదిలేసి రొయ్యలు తింటోంది. వీరరాఘవమ్మ అరవలేదు. చీర మోకాలి దాకా ఎత్తి, వేరే ఎవరి కాలో చూస్తున్నట్టు చూసుకుంది. నాలుగు గాట్లు. వాటిలోంచి నెత్తురు మడమ దాకా దిగింది. చేపల వాసనకు వచ్చాడని, నువ్వు కాస్త చూసుకుని రావాల్సిందని పాండురంగారావు అన్నాడు. ఆ మాట అన్న గొంతులో కోపం కూడా లేదు. పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

వసుంధర కిందికి వంగి చేపలు ఏరి బేసినులో వేయసాగింది. ఏం చేయాలో తోచక చేసిన పని అది. ఈలోపు హైమావతి టీచరు ఎక్కడి నుంచో వచ్చి, వీరరాఘవమ్మ చెయ్యి పట్టుకుని టీకొట్టు పక్కనున్న కుళాయి దగ్గరకు నడిపించుకుపోయి, సబ్బు అడిగి తీసుకుని, కారే నీళ్ళ కింద కాలు పెట్టించి కడిగింది. పావుగంట కడగాలని చెప్పి, వాచీ చూసుకుంటూ పావుగంటా కడిగింది. తర్వాత ఆటోను పిలిచింది. తెనాలిలో సీజర్‌కు ఇంజెక్షను చేయించానని, ఇంట్లో కార్డు ఉందని పాండురంగారావు ఆటో వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. టీచరు వినిపించుకోలేదు. వసుంధర ఆటో దగ్గరకు రెండడుగులు వేసింది. భర్త ఆమె వైపు చూశాడు. ఆమె ఆగిపోయింది. ఆటో ఆసుపత్రి వైపు తిరిగేదాకా చేపల మట్టి అంటిన చేతులతో అక్కడే నిలబడింది.

గురువారం వీరరాఘవమ్మ గేటు దగ్గరకు వచ్చింది. కాలికి కట్టు, నెత్తిన బేసిను. లోపలికి రాలేదు. పెరట్లో కట్టేసిన సీజర్ ఆమె గొంతు విని గొలుసు తెంచుకునేలా ఎగిరింది. ఆమె గేటు కమ్మీ పట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది.

ఆసుపత్రిలో సిస్టరమ్మ చెప్పిందట. మొత్తం అయిదు సూదులు, ఒక్కటీ మానకూడదు. కరిచిన కుక్క మీద పది రోజులు కన్ను వేసి ఉంచాలి. దానికి పిచ్చి ఉంటే ఆ పది రోజుల్లోనే తిండి మాని చచ్చిపోతుంది. ఆ పిచ్చి మనిషికి అంటుకుని ఒకసారి బయటపడితే ఇక మందు లేదు. ఇదంతా వీరరాఘవమ్మ వాన గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పి, కుక్క అన్నం తింటోందా, నీళ్ళు తాగుతోందా అని అడిగింది. తింటోందని వసుంధర చెప్పింది. ఎవరు పెడతారని అడిగింది. ఇంకెవరు పెడతారు, నేనే కలిపి పెడతానని వసుంధర నవ్వింది. వీరరాఘవమ్మ నవ్వలేదు. రోజూ ఒకసారి వచ్చి అడిగి పోతానంది.

ఆ సంగతి విని పాండురంగారావు చిరాకు పడ్డాడు. కాలు గురించి కాకుండా కుక్క గురించి అడుగుతోందంటే వెనక ఎవరో ఉండి కేసు పెట్టిస్తున్నారని, అది టీచరమ్మ పనేనని తేల్చేశాడు. సాయంత్రం బీరువాలోంచి కార్డు తీసి టీవీ పక్కన పెట్టుకున్నాడు, ఎవరైనా వస్తే చూపించడానికి. ఎవరూ రాలేదు.

శనివారం సీజర్ అన్నం ముట్టలేదు.

కానాగంతల తలకాయలు వేసి ఉడికించిన అన్నం. గిన్నె పెడితే మూతి దించి వాసన చూసింది, నాలుక కదిపింది, అన్నం నోట్లోకి పోలేదు. వెళ్ళి నీళ్ళ డ్రమ్ము వెనక పడుకుంది. పిలిస్తే మొరిగింది కానీ ఆ మొరుగు దానిది కాదు. గొంతులో ఏదో ఉండి బొంగురుపోయినట్టు, పక్కింట్లోంచి వినిపించినట్టు ఉంది. మధ్యాహ్నానికి కింది దవడ జారి వేలాడింది. చొంగ తీగలా కారి ముందుకాళ్ళను తడిపింది. వసుంధరకు వెంటనే తోచిన ఆలోచన ఒక్కటే, ముల్లు. తలకాయల్లో ముల్లు తను సరిగా చూసుకోలేదు. ఆ పూటా, మర్నాడూ గేటు దగ్గరకు వచ్చి అడిగిన వీరరాఘవమ్మకు పాండురంగారావే ఎదురెళ్ళి, తింటోందని చెప్పి పంపేశాడు.

ఆదివారం దాని పక్కన గచ్చు మీద కూర్చుని, తల ఒళ్ళోకి తీసుకుని, ఎడమచేత్తో పైదవడ ఎత్తి కుడిచెయ్యి లోపలికి పెట్టింది. చూపుడువేలితో చిగుళ్ళ వెంటా, నాలుక కిందా, గొంతు మొదలు దాకా తడిమింది. ముల్లు తగల్లేదు. చెయ్యి తీస్తుంటే కోరపన్ను వేలి మీద గీసుకుపోయింది. సన్నగా నెత్తురు చిమ్మింది. చీర చెంగుకు తుడుచుకుంది. కరవలేదు కదా, పన్ను తగిలిందంతే. పాండురంగారావు టార్చిలైటు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. తర్వాత తనూ కూర్చుని దాని చొంగ తన తువ్వాలుతో తుడిచాడు. పశువుల డాక్టరును పిలుద్దామని వసుంధర రెండుసార్లు అంది. ఆదివారం కదా, రేపు చూద్దామన్నాడు. డాక్టరు వస్తే ఏదో ఒక పేరు చెబుతాడు. ఆ పేరు వినడం ఆయనకు ఇష్టం లేదు. ఆమెకు మాత్రం ఉందా?

సోమవారం పగలు పదకొండు గంటలకు సీజర్ చచ్చిపోయింది. వెనక కాళ్ళు ముందే పడిపోయాయి. చివరికి డ్రమ్ము వెనక నుంచి బయటికి రావాలని ముందుకాళ్ళతో పాకి, గడప దాకా వచ్చి ఆగిపోయింది. పాండురంగారావు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మిల్లు వాచ్‌మన్ యలమందను పిలిపించి, మిల్లు వెనక ఊక కుప్పల పక్కన గొయ్యి తవ్వించాడు. యలమంద ఒట్టి చేతులతో కుక్కను ఎత్తి గోనెసంచీలో పెట్టాడు. వసుంధర చూస్తూ ఉంది.

"ముల్లు అడ్డంపడి పోయాడు" అన్నాడు పాండురంగారావు స్నానం చేసి వచ్చి. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "ఆ వీరరాఘవమ్మ తెచ్చిన చేప ముల్లే. అడిగితే బాపట్ల పంపించామని చెప్పు. మా బావ తోటలో ఉన్నాడని చెప్పు."

"చచ్చిపోయిందని చెప్పకపోతే ఎలాగండీ? ఆ మనిషి..."

"ముల్లుతో పోయినదాన్ని పిచ్చితో పోయిందంటారు. ఊరంతా అంటారు. ముల్లే కదా, వసూ? నువ్వు చూశావు కదా?"

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఏదైనా అడిగింది తక్కువ. ఇది మాత్రం అడిగాడు, పైగా బతిమాలినట్టు అడిగాడు. ముల్లేనేమో అంది.

మంగళవారం వీరరాఘవమ్మ వచ్చేసరికి పాండురంగారావు కావాలని వరండాలో కాచుకుని కూర్చున్నాడు. బాపట్లలో తన బావకు కొబ్బరితోట ఉందనీ, దొంగల భయం ఉందనీ, సీజర్‌ను కాపలాకు పంపాననీ, పొద్దునే ఫోను చేశారు, దున్నపోతులా తింటున్నాడట అనీ చెప్పాడు. తోటలో బావి గురించి కూడా చెప్పాడు. అబద్ధానికి బావి ఎందుకో వసుంధరకు అర్థం కాలేదు. వీరరాఘవమ్మ బేసిను దించకుండానే అంతా విన్నది. సూదులు ఎన్నయ్యాయని ఆయన అడిగాడు. మూడయ్యాయని, వచ్చే సోమవారం నాలుగోదని చెప్పింది.

"కుక్క రాయిలా ఉంటే ఇంకా సూదులెందుకు నీకు? ఆసుపత్రి వెళ్ళిన రోజల్లా బేరం పోతోంది. మానెయ్" అన్నాడు.

"అలాగేనండి" అంది వీరరాఘవమ్మ.

లోపల తలుపు పక్కన నిలబడి వసుంధర ఆ జవాబు విన్నది. ఆ మాట అన్నది అన్నట్టుగా చెవిలో ఉండిపోయింది. కూర తిరగమోత వేస్తుంటే వినిపించింది. బట్టలు ఆరేస్తుంటే వినిపించింది. అలాగేనండి. అంత సులువుగా, ఏమీ అడక్కుండా.

ఇల్లు మారిపోయింది. ఎవరూ లేని పెరట్లో గచ్చు మీద గోళ్ళ చప్పుడు అయ్యేది. పట్టపగలు, మూడు గంటలప్పుడు, వీధిలో ఒక్క బండి కూడా లేని వేళ. ఆమె పని ఆపి చెవి పెట్టేది. చప్పుడు ఆగేది. మళ్ళీ పని మొదలుపెడితే డ్రమ్ము వైపు నుంచి గడప వైపుకి పాకేది. అన్నం వార్చేటప్పుడు చెయ్యి తనంతట తనే ఒక గరిటె ఎక్కువ తీసి పక్కన పెట్టేది. ఆ అన్నాన్ని ఏం చేయాలో తెలిసేది కాదు. సీజర్ తిన్న గిన్నెను మూడుసార్లు తోమింది, తర్వాత చెత్తబండిలో పడేసింది, మర్నాడు గిన్నె కనపడక వెతికింది.

బుధవారం టీవీ పక్కన ఉన్న కార్డు తీసి చదివింది. తెనాలిలో కుక్కపిల్లను కొన్నప్పుడు వేయించిన ఇంజెక్షను, తేదీ, సంతకం. ఏటేటా వేయించాలని అచ్చులో ఉంది. కింద మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నెలన్నర కిందట సీజర్ మిల్లు దగ్గర రెండు వీధికుక్కలతో పోట్లాడి మెడ మీద గాయంతో వచ్చిందని, రెండింటినీ తరిమికొట్టాడని భర్త గొప్పగా చెప్పుకున్న రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజూ గొలుసు ఆయన దగ్గరే ఉంది.

ఆ బుధవారమే గేటు దగ్గర సమాధానం చెప్పాల్సిన వంతు ఆమెదైంది. ఆయన మిల్లుకు వెళ్ళాడు. వీరరాఘవమ్మ చేపల సంగతి ఎత్తకుండా, కుక్క ఎలా ఉందమ్మా అని అడిగింది. అడుగుతూ వసుంధర మొహం వైపే చూసింది. బాగుందట అని చెప్పింది వసుంధర. అన్నం తింటోందా అంటే తింటోందట అంది. ఎవరు పెడుతున్నారని అడిగితే అక్కడి పాలేరు అంది. వీరరాఘవమ్మ మొహం కాస్త తేలికపడింది. మంచినీళ్ళు అడిగి తాగింది. చెంబు ఎత్తిపట్టి గటగటా తాగుతున్న ఆ గొంతు వైపు వసుంధర రెప్ప వేయకుండా చూసింది. నీళ్ళు దిగుతున్నాయి. ఇప్పటికి దిగుతున్నాయి. ఏ రోజు దిగకుండా ఆగుతాయో తనకు తెలుస్తుందా? గేటు దగ్గరకు రాకుండా మానేస్తే బేరం లేక రాలేదనుకోవాలా, ఇంకేమైనా అనుకోవాలా?

గురువారం పదో రోజు. వీరరాఘవమ్మ వేళ్ళు మడిచి లెక్క చెప్పి, ఇక అడగడానికి రానని, గండం గడిచిందని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా వసుంధర గేటు పట్టుకుని ఉంది. పిలిచేద్దామనుకుంది. పిలవకుండానే లోపలికి వచ్చేసింది. ఆ సాయంత్రం హైమావతి టీచరు వీధిలో కనిపించి, వారం నుంచి కట్ట మీద ప్రశాంతంగా ఉంది, మీ కుక్కగారు ఊళ్ళో లేరా అని అడిగితే కూడా ఆమె బాపట్లే చెప్పింది. మూడోసారికి ఆ అబద్ధం నిజంలా వచ్చేసింది. తోటలో బావి ఉందని కూడా చెప్పింది. ఇంట్లోకి వచ్చి గడియ పెట్టుకుంది. తను ఆ బావిని చూసినట్టే ఉంది.

శుక్రవారం పొద్దున నడకకు రాలేనని చెప్పి, భర్త వెళ్ళగానే చీర మార్చుకుని బస్టాండుకు వెళ్ళి నిజాంపట్నం బస్సు ఎక్కింది. అలా ఒంటరిగా బస్సెక్కి ఎన్నేళ్ళయిందో. రెండు వైపులా వరిచేలు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి, వాటి మీద గాలిచక్రాలు నురగ చిమ్ముతున్నాయి. తర్వాత సరుగుడు తోటలు. ఏం చెప్పాలో ఆమె దారి పొడుగునా కూర్చుకుంది, దిగేసరికి ఒక్క ముక్కా మిగల్లేదు.

అడవులదీవిలో దిగి అడిగితే వీరరాఘవమ్మ ఇల్లు చూపించారు. వీరరాఘవమ్మ ఆ రోజు రేపల్లె రాలేదు. వాకిట్లో పాతవల పరిచి, దాని మీద ఉప్పుచేపలు ఎండబెడుతోంది. ఒక్కోదాన్ని తోకపట్టి తిప్పి, ఎండ తగలని వైపు పైకి వచ్చేలా వరసలో వేస్తోంది. వసుంధరను చూసి లేచి, పీట వేసి, కొంగుతో తుడిచింది. వసుంధర కూర్చోలేదు.

"సీజర్ బాపట్లలో లేదు వీరరాఘవమ్మా. చచ్చిపోయింది. సోమవారమే చచ్చిపోయింది. నీకు అబద్ధం చెప్పాం."

వీరరాఘవమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"ఎట్టా పోయింది?"

వసుంధర చెప్పింది. అన్నం మానడం, గొంతు బొంగురు, దవడ జారడం, చొంగ. చెబుతుంటే ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే చెప్పింది. ముల్లు అనుకున్నామని చెప్పింది.

"అనుకుని?"

"నోట్లో చెయ్యి పెట్టి చూశాను. ముల్లు లేదు."

వీరరాఘవమ్మ చేపను వల మీద పడేసింది. దగ్గరకు వచ్చి, అడక్కుండానే వసుంధర కుడిచెయ్యి అందుకుని వెలుగులోకి తిప్పింది. చూపుడువేలి మీద ఎండిన గీత. ఆ చేతిని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చూసింది.

"ఎప్పుడమ్మా ఇది?"

"ఆదివారం. నా సంగతి వదిలెయ్. నువ్వు సూదులు మానేశావా లేదా అది చెప్పు ముందు. ఆయన మానేయమన్నాడు, నువ్వు అలాగేనండి అన్నావు. నాలుగు రోజులుగా నాకు తిండి సయించట్లేదు."

"అయ్యగారు చెబితే అలాగేనండి అనకుండా ఏమంటాం? అన్నిటికీ అంటాం." వీరరాఘవమ్మ చెయ్యి వదల్లేదు. "సూదులు ఒక్కటీ మానలేదు. సోమవారం నాలుగోది. కుక్క బతికినా చచ్చినా అయిదూ వేయించుకుంటా. కుక్కను పెంచేవాళ్ళ మాట మీద ప్రాణం పెట్టుకునేదాన్ని కాదు నేను."

వసుంధర పీట మీద కూలబడింది. నాలుగు రోజుల బరువు దిగి ప్రాణం తేలికపడాల్సింది. తేలికపడలేదు. ఏదో అర్థం కానిది ఒకటి మిగిలింది.

"మరి రోజూ వచ్చి ఎందుకు అడిగావు, కుక్క ఎలా ఉందని?"

"నాకోసం అనుకున్నారా?" వీరరాఘవమ్మ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "నాకు సూదులు పడతన్నాయి. దానికి రోజూ చేత్తో కలిపి పెట్టేది మీరు. మీకెవరు వేస్తారు? మా తోడికోడలు ఆదిలక్ష్మిని ఏ వీధికుక్కా కరవలా. వాళ్ళింటి కుక్కే, కూడు పెడతంటే పన్ను తగిలింది. మన కుక్కే గదా అనుకుంది. మూడు నెలలకి, నీళ్ళ చెంబు తీసుకొస్తే చూడలేక గోడకి తిరిగి అరిచింది. నేనే పట్టుకున్నా ఆమెని, రెండు రోజులు. మీ గేటు కాడ నిలబడినప్పుడల్లా ఆమే కనపడేదమ్మా నాకు."

వసుంధర తన వేలిని చూసుకుంది. అయిదు రోజులుగా ఆ వేలితోనే అన్నం కలిపి తింది, పసుపు కుంకుమ పెట్టుకుంది. వీరరాఘవమ్మ గొంతులో నీళ్ళు దిగుతున్నాయా అని కాపలా కాసింది కానీ తన గొంతు వైపు ఒక్కసారి చూసుకోలేదు. పిచ్చి పట్టినా సరే, తమ ఇంటి కుక్క బయటివాళ్ళనే చంపుతుందని ఎక్కడో లోపల తనూ నమ్మింది. భర్తను ఇన్నాళ్ళూ తప్పుపట్టిన ఆ నమ్మకమే.

"అయ్యగారి మాట నేను నమ్మలేదు" అంది వీరరాఘవమ్మ. ఇప్పుడు ఆమె గొంతులో కోపం వచ్చింది, పది రోజుల్లో మొదటిసారి. "మీరు చెప్పారు చూడండి బుధవారం, బాగుందని. మీ మాట నమ్మాను. నమ్మి, అమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి పడుకున్నా."

వీరరాఘవమ్మ లేచి ఎండుచేపల మీద వల కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. కుళాయి తిప్పి, సబ్బు ఇచ్చి, వసుంధర వేలిని తనే రుద్ది కడిగింది. ఇన్ని రోజుల తర్వాత కడిగితే ఏం లాభమని వసుంధర అంటే, పదమ్మా, మందు కూడా వేయించుకోవాలి, ఆలస్యమైనా మానకూడదని సిస్టరమ్మ చెప్పింది అంది. పదకొండు గంటల బస్సుకు ఇద్దరూ రేపల్లె వచ్చారు. బస్సులో ఒకే సీట్లో కూర్చున్నారు.

ఆసుపత్రి దగ్గర దిగాక వసుంధర భర్తకు ఫోను చేసి, యలమందను వెంటబెట్టుకుని వెంటనే ఇక్కడికి రమ్మంది. ఆయన ముందు అర్థం కానట్టు మాట్లాడాడు, తర్వాత అర్థమై ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలో ఆయన ఊపిరి వినిపించింది. సీజర్ చొంగ తుడిచిన తువ్వాలు ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. చివరికి గొంతు తగ్గించి, రేపు తెనాలి వెళ్ళి ప్రైవేటులో చూపించుకుందాం, ఇక్కడైతే అందరూ చూస్తారు అన్నాడు. చూడనివ్వండి అని ఫోను పెట్టేసింది.

సూదుల గది ముందు వరసలో పదిమంది దాకా ఉన్నారు. అందులో సగం మంది కుక్కకాటు వాళ్ళే. మోకాలికి కట్టుతో ఒక ముసలాయన, చెంప మీద గాట్లతో ఒక పసిపిల్ల, ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని తల్లి. వసుంధర వాళ్ళ వెనక నిలబడింది. వాళ్ళను కరిచిన కుక్కలు ఎవరివో ఆమెకు తెలియదు, అయినా ఆ పిల్ల వైపు చూడలేకపోయింది.

వరస కదిలింది. బల్ల వెనక సిస్టరు వీరరాఘవమ్మను గుర్తుపట్టి, నీ సూది సోమవారం కదా, ఇవాళ వచ్చావేంటి అంది. నాకు కాదండి, ఈ అమ్మకి అని వీరరాఘవమ్మ పక్కకు జరిగింది. సిస్టరు పుస్తకం తిప్పి పేరు, వయసు, వీధి రాసుకుంది.

"కరిచింది వీధి కుక్కా, పెంపుడు కుక్కా? ఎవరిది?"

వసుంధర వీరరాఘవమ్మ వైపు చూసింది. ఆమె ఈ మాటకు సాయం రాలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. సూది వేయించుకుని పక్క బెంచీ మీద ఏడుస్తున్న పసిపిల్ల ఏడుపు ఆపింది.

"మాదేనండి" అంది వసుంధర. లోగొంతుకతో అందామనుకున్నా గది అంతా వినిపించింది. "మా కుక్కే. విప్పి రోడ్డు మీద వదిలింది మేమే. ఈమెను కరిచిందీ అదే. సోమవారం చచ్చిపోయింది. ఆ సంగతి ఈమెకు చెప్పకుండా దాచాం."

సిస్టరు తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంట్లో దాన్ని ముట్టుకున్నవాళ్ళ పేర్లన్నీ చెప్పమని, కొత్త గీత కొట్టి రాయడం మొదలుపెట్టింది.